నరం కుట్టించాక షాక్‌వేవ్: డోసు, టైము, మిషన్ సంగతులు

గంజాం_పీటీ:
బరంపురం, ఛత్రపూర్ వైపు క్లినిక్కుల్లో రేడియల్ షాక్‌వేవ్ మిషన్లు (చర్మం మీద నుంచి ఒత్తిడి అలలు కొట్టేవి) బాగానే దిగాయి. మడమ నొప్పికీ టెన్నిస్ ఎల్బోకీ కొన్నవే. ఇప్పుడు నరం దెబ్బతిన్నవాళ్లు కూడా "ఆ టకటక మిషన్ పెట్టండి" అంటూ వస్తున్నారు. నేను అడిగేది ఈ రకం కేసు గురించి: సూరత్ మగ్గాల దగ్గర మణికట్టు కోసుకుని, అక్కడే అల్నార్ నరమూ (చిటికెన వేలి వైపు దిగేది) ఒకటో రెండో టెండన్లూ (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు) కుట్టించుకుని, ఐదారు వారాలకి ఊరు చేరినవాళ్లు. చిటికెన వేలు పూర్తిగా, ఉంగరపు వేలు సగం మొద్దు. ఆ రెండు వేళ్లూ వంకర తిరగడం మొదలు. డిశ్చార్జి కాగితం ఉండదు, ఉన్నా గుజరాతీలో నాలుగు ముక్కలు. వీళ్లకి ఎప్పుడు మొదలెట్టాలి? ఎన్ని బార్, ఎన్ని షాక్‌లు? మిషన్‌తో వచ్చిన చార్టులో "న్యూరోపతి: 3 బార్, 2000" అని ఒక్క గీత ఉంది. నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు.

పర్లాకిమిడి_ఆర్థో:
నమ్మకండి మాస్టారూ. ఏ రకం దెబ్బో తేలకుండా బార్ల గురించి మాట్లాడుకోవడం దండగ.

తెగిన నరాన్ని షాక్‌వేవ్ అతికించదు. ముందు పేషెంటు ఇంటివాళ్లకి చెప్పాల్సిన మాట ఇది. రెండు కొసలు ఎదురెదురుగా, లాగుడు లేకుండా కూర్చుంటేనే ఆక్సాన్ (నరం లోపలి పోగు) దాటుతుంది. మైక్రోస్కోప్ కింద 9-0, 10-0 నైలాన్‌తో కుట్టారా, లేక చిన్న థియేటర్లో టెండన్లు కుట్టి నరాన్ని "తర్వాత చూద్దాం" అని వదిలేశారా అన్నది కాగితం లేకపోతే తెలియదు. మీరు చెప్పిన కేసుల్లో రెండోది తక్కువేమీ కాదు. కాబట్టి ఫోన్ చేయించి ఆపరేషన్ నోట్ ఫొటో తెప్పించండి. దొరక్కపోతే హై ఫ్రీక్వెన్సీ అల్ట్రాసౌండ్. మణికట్టు దగ్గర అల్నార్ పైపైనే ఉంటుంది, చేయి తిరిగిన రేడియాలజిస్టుకి కొసల మధ్య ఖాళీ ఉందో, గడ్డ కట్టిందో కనపడుతుంది.

టైము సంగతి. గాజు, కొడవలి లాంటి శుభ్రమైన కోతని మొదటి కొన్ని రోజుల్లోనే కుట్టాలి. నలిగి చీలిన గాయమైతే కొసలు గుర్తు పెట్టి ఉంచి, ఎంత మేర చెడిందో తేలాక, మూడు వారాల ప్రాంతంలో తిరిగి తెరవాలి. చర్మం తెగని దెబ్బైతే మూడు నెలలు చూస్తాం. అప్పటికీ కండరంలోనూ ఈఎంజీలోనూ (కండరంలో సూది పెట్టి చేసే విద్యుత్ పరీక్ష) ఏ కదలికా లేకపోతే తెరిచి చూడాల్సిందే. ఆరు నెలలు దాటితే ఫలితం తగ్గుతూ పోతుంది. నరం అందని కండరంలో మోటార్ ఎండ్‌ప్లేట్లు (నరం కండరాన్ని అందుకునే చోట్లు) 12 నుంచి 18 నెలల్లో పనికిరాకుండా పోతాయి. ఆ తర్వాత నరం చేరినా లాభం లేదు, టెండన్ ట్రాన్స్‌ఫరే (పనిచేసే కండరం టెండన్‌ని మార్చి కుట్టడమే) దారి.

షాక్‌వేవ్ వల్ల నాకు కనిపించే అసలు ప్రమాదం చర్మం మీద మచ్చలు కాదు. "ఇంకో పది సిట్టింగులు చూద్దాం" అంటూ ఆ మూడో నెల, ఆరో నెల చేజారిపోవడం.

జయపురం_ఈఎంజీ:
ఆర్థో గారి మాటకి పరీక్ష వైపు నుంచి కొంత కలుపుతాను.

నరం దెబ్బలకి సెడన్ 1943లో చేసిన మూడు మెట్ల విభజన ఇప్పటికీ చాలు. న్యూరాప్రాక్సియాలో మైలిన్ (ఆక్సాన్ మీది తొడుగు) మాత్రమే చెడుతుంది, ఆక్సాన్ నిలిచే ఉంటుంది. వారాల నుంచి మూడు నెలల లోపు దానంతటదే తిరిగొస్తుంది. ఆక్సానోట్మెసిస్‌లో ఆక్సాన్ తెగుతుంది, దాని చుట్టూ ఉన్న గొట్టం మిగులుతుంది. న్యూరోట్మెసిస్‌లో మొత్తం తెగిపోతుంది. 1951లో సండర్లాండ్ దీన్నే ఐదు చేశాడు. అందులో నాలుగో గ్రేడు మోసకారి: పైకి నరం అంటుకునే ఉంటుంది, లోపల అంతా మచ్చ. ఏదీ దాటదు.

"మూడు సిట్టింగుల్లో చేయి లేచింది" అనే వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. వాటిలో ఎక్కువ న్యూరాప్రాక్సియాలే అయి ఉంటాయి. శనివారం రాత్రి తాగి కుర్చీ మీద చేయి వేలాడేసి పడుకున్నవాడి రిస్ట్ డ్రాప్ (మణికట్టు వేలాడిపోవడం) ఏమీ చేయకపోయినా లేస్తుంది. ఆ పేరు మిషన్‌కి వెళ్లిపోతుంది.

పరీక్ష ఎప్పుడు? తెగిన నరం కింది ముక్క మొదటి వారం దాకా కరెంటుకి పలుకుతూనే ఉంటుంది, సెన్సరీ అయితే పది పదకొండు రోజుల దాకా. ఆ టైములో చేస్తే రిపోర్టు బాగున్నట్టే వస్తుంది, అందరూ మోసపోతారు. కండరంలో ఫిబ్రిలేషన్లు (నరం అందని పోగుల అదురు) కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు. అందుకే మూడు వారాలు దాటాక మొదటి పరీక్ష, మూడో నెలలో రెండోది. షాక్‌వేవ్ మొదలెట్టేవాళ్లు ఆ మొదటి రిపోర్టు చేతిలో పెట్టుకునే మొదలెట్టండి. లేకపోతే తర్వాత దేనివల్ల ఏమైందో ఎవరూ చెప్పలేరు.

ఇంకో ముక్క. మా కోరాపుట్ చలిలో డిసెంబరు పొద్దున్నే చేసిన కండక్షన్ వేగం (నరంలో సంకేతం పోయే వేగం) నమ్మకండి. చేతి చర్మం 32 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే మంచి నరం కూడా నెమ్మదిగా కనిపిస్తుంది. వేడినీళ్లలో ముంచి, తుడిచి, కొలిచి చేయాలి. మొద్దుబారిన చేయి కాబట్టి నీళ్ల వేడి మీరే చూడండి, పేషెంటుని అడక్కండి.

ఇంటర్న్_బీపీటీ:
సార్, ఎలుకల మీద బాగా పనిచేసిందని చదివాం. వియన్నా వాళ్ల 2012 పేపర్లో సయాటిక్ నరం (పిర్ర నుంచి కాల్లోకి దిగేది) ముక్క తీసి మళ్లీ కుట్టాక షాక్‌వేవ్ ఇస్తే ముందే కోలుకున్నాయి కదా? మరి మనుషుల్లో ఎందుకు ఇంత అనుమానం?

జయపురం_ఈఎంజీ:
మంచి ప్రశ్న, కానీ ఆ పేపర్లో అంకెలు చూడు బాబూ. గ్రాఫ్టు (తీసి కుట్టిన ముక్క) 8 మి.మీ. ఆపరేషన్ అయిన వెంటనే ఒకే ఒక్కసారి ఇచ్చారు. 300 షాక్‌లు, సెకనుకి 3, శక్తి చదరపు మి.మీ.కి 0.1 మిల్లీజౌల్. మొదటి వారాల్లో మైలిన్ ఉన్న ఫైబర్లు, కండక్షన్, నడక అన్నీ ముందుకొచ్చాయి. విరిగిన ఆక్సాన్ చెత్తని మాక్రోఫేజ్‌లు (చెత్త తినే కణాలు) త్వరగా ఊడ్చేయడం, ష్వాన్ కణాలు (మైలిన్ తయారుచేసేవి) చురుగ్గా పెరగడం, కొత్త రక్తనాళాలు రావడం కారణాలై ఉండొచ్చంటారు. షాక్ తగిలిన నరాల నుంచి తీసిన ష్వాన్ కణాలు ల్యాబ్ పెంపకంలో బాగా నిలిచాయని అదే ఊరి బృందాలు తర్వాత చూపించాయి.

ఇప్పుడు తేడాలు చూడు. ఎలుకకి నరం పోవాల్సిన దూరం కొన్ని సెంటీమీటర్లు. మనిషిలో మోచేతి దగ్గర అల్నార్ తెగితే చేతి చిన్న కండరాల దాకా అడుగుకి పైనే. ఎలుక తొందరగా దాటేస్తుంది కాబట్టి రెండు గుంపులూ చివరికి ఒకచోటికే చేరతాయి. మనిషికి ఆ రెండు మూడు వారాల లాభం దారి పొడవునా నిలుస్తుందా అన్నదే అసలు ప్రశ్న. దానికి సరైన సైజు ట్రయల్ ఇంకా లేదు. మనుషుల్లో ఎక్కువ పని జరిగింది కార్పల్ టనెల్ అనే మణికట్టు జబ్బు మీద. అక్కడ నరం నొక్కుకుపోయిందే కానీ తెగలేదు. తేలికపాటి, మధ్యస్థపు కేసుల్లో నొప్పీ తిమ్మిరీ తగ్గినట్టు చిన్న ట్రయల్స్ చెబుతాయి. దాన్ని కుట్టిన నరానికి అంటగట్టకూడదు.

శక్తి పెంచితే కథ తిరగబడుతుంది. జంతువుల నరం మీద గట్టిగా కొడితే మైలిన్ చీలి, కండక్షన్ కొన్నాళ్లు పడిపోయింది. డోసు పెరిగిన కొద్దీ దెబ్బా పెరిగింది. చర్మంలో సన్నని నరాల కొసలు షాక్ తర్వాత ఎండిపోయి మళ్లీ మొలుస్తాయని 2001లోనే ఎలుకల్లో చూశారు. మడమ నొప్పి తగ్గడంలో దానికీ వాటా ఉందంటారు. మడమలో నీకు కావాల్సిందీ, మణికట్టులో నీకు వద్దనిపించేదీ ఒకటే.

రాయగడ_బయోమెడ్:
నేను మిషన్ మనిషిని, మిషన్ గురించే చెబుతాను.

ఇంటర్న్ చెప్పిన పేపర్లో వాడింది అసలైన షాక్‌వేవ్: ఒత్తిడి నానోసెకన్లలో పదుల మెగాపాస్కల్స్‌కి ఎగబాకి, తర్వాత నెగెటివ్‌లోకి దిగుతుంది. 1980లో మ్యూనిక్‌లో మొదటిసారి కిడ్నీ రాయి పగలగొట్టిన వంశం అది. నీళ్లలో స్పార్కు, ఎలక్ట్రోమాగ్నెటిక్ కాయిల్, పియెజో స్ఫటికాలు, మూడు రకాల పుట్టుక. మన క్లినిక్కుల్లో ఉన్న రేడియల్ రకం గాలి మిషన్. కంప్రెసర్ గాలి ఒక చిన్న ఇనప గుండుని గొట్టంలో తోస్తుంది, అది వెళ్లి చర్మానికి ఆనే హెడ్‌ని కొడుతుంది. ఒత్తిడి మైక్రోసెకన్లలో, చాలా తక్కువ ఎత్తుకి లేస్తుంది. చర్మం దగ్గరే గరిష్ఠం, లోపలికి పోయేకొద్దీ చెదిరిపోతుంది. మూడు నాలుగు సెంటీమీటర్ల కింద పెద్దగా మిగలదు. ఈ రెండిటినీ ఒకే పేరుతో అమ్మడం వ్యాపారం.

"బార్" అనేది గుండు వెనక గాలి ఒత్తిడి. పేషెంటుకి అందే శక్తి కాదు. ఒకే 2 బార్‌కి 15 మి.మీ. గట్టి హెడ్ ఇచ్చేది వేరు, వెడల్పు మెత్త హెడ్ ఇచ్చేది వేరు. ఇంకో కంపెనీ మిషన్‌లో మరీ వేరు. అందుకే ఒకరి బార్ ఇంకొకరు ఎత్తి రాసుకోకూడదు. అసలైన షాక్‌వేవ్‌ని ఒకచోటికి కూర్చే ఫోకస్డ్ మిషన్ తెర మీద శక్తి సూటిగా కనిపిస్తుంది: చదరపు మి.మీ.కి 0.08 మిల్లీజౌల్ లోపు తక్కువ, 0.28 దాకా మధ్యస్థం, ఆ పైన ఎక్కువ అని సాధారణ లెక్క.

మన వైపు వచ్చే లోపాలు ఎక్కువగా గాలివే. సముద్రపు తేమ. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు చేరి గొట్టంలోకి పోతాయి, గుండు తుప్పు పట్టి అతుక్కుంటుంది. రోజూ పని అయ్యాక డ్రెయిన్ వాల్వు తిప్పి నీళ్లు వదలండి, ఫిల్టర్ గిన్నె చూడండి. రెండోది ఓ-రింగులు (గాలి కారకుండా వేసే రబ్బరు రింగులు). అరిగితే తెర మీద 2 బార్ అనే ఉంటుంది, దెబ్బ మాత్రం బలహీనపడుతుంది. మీరు దానికి అలవాటుపడి 3కి పెంచుకుంటారు. సర్వీసువాడు వచ్చి రింగులు మార్చిన మర్నాడు అదే 3తో పేషెంటు చర్మం మీద ఎర్ర చుక్కలు తేలతాయి. కాబట్టి రింగులు, గుండు, గైడ్ ట్యూబు మార్చిన ప్రతిసారీ అందరి డోసూ కింది నుంచి మళ్లీ మొదలెట్టాలి. ఎన్ని షాక్‌లకి మార్చాలో మీ మాన్యువల్లో ఉంటుంది, కౌంటర్ చూసి రిజిస్టర్లో రాయండి.

మూడోది ఫ్రీక్వెన్సీ. 15 హెర్ట్జ్ పెట్టి "త్వరగా అయిపోతుంది" అనుకుంటారు. చిన్న కంప్రెసర్ అంత వేగానికి గాలి నింపలేదు, ఒక్కో దెబ్బా ఒక్కో తీరుగా పడుతుంది. నరం పని మీద 5 దాటనవసరం లేదు.

గంజాం_పీటీ:
మరి నా మిషన్ గాలిదే. మణికట్టు అల్నార్‌కి వాడొచ్చా, మానేయాలా? సూటిగా చెప్పండి.

గుణుపురం_హ్యాండ్:
సర్జన్ రాసిచ్చి, నరం నిజంగా కుట్టారని తేలి, పేషెంటు వయసొచ్చినవాడై, రక్తం పలచబరిచే మందులు, పుండు, చీము, ఆ చోట గడ్డ లాంటివి లేకపోతేనే వాడొచ్చు. గర్భిణి అయితే నేను ముట్టుకోను. పిల్లల్లో ఎముక పెరిగే చోట్ల వద్దు. ఆ చోట స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడి ఉంటే ఆరు వారాలు ఆగండి. ఇది రుజువైన వైద్యం కాదనీ, అదనంగా ప్రయత్నిస్తున్నదనీ పేషెంటుకి తెలుగులోనో ఒడియాలోనో అర్థమయ్యేలా చెప్పి సంతకం తీసుకోండి.

ఇక చేసే తీరు. ఆరు వారాల లోపు కుట్టు మీదకి పోకండి. టెండన్లు కూడా కుట్టారు కదా, అవి ఆ టైముకి ఇంకా పచ్చివే. ఆరు వారాల తర్వాత కూడా కుట్టుకి పైనా కిందా రెండు మూడు సెంటీమీటర్లు నరం దారి వెంట, కుట్టుకి సరిగ్గా నెత్తి మీద కాకుండా. అల్ట్రాసౌండ్ ఉంటే దారి గీసుకోండి, లేకపోతే పిసిఫాం ఎముక (మణికట్టులో చిటికెన వేలి వైపు బుడిపె) పక్క నుంచి టినెల్ తట్టి (నరం మీద వేలితో తట్టి జివ్వుమనే చోటు చూసి) గీయండి. వెంట్రుకలు కత్తిరించండి. రేజరు వద్దు, గీతలు పడతాయి. జెల్ బుడగలు లేకుండా మందంగా వేయండి. సీసా తలకిందులుగా నిలబెట్టి ఉంచితే బుడగలు పైకి పోతాయి. గాలి బుడగ ఉన్నచోట అల వెనక్కి తిరుగుతుంది, చర్మం మీదే శక్తంతా దిగిపోతుంది. నూనె, క్రీమ్ వద్దు.

నేను పెట్టే డోసు: వెడల్పు మెత్త హెడ్, ఆ మిషన్‌లో ఉన్న కనిష్ఠ ఒత్తిడి నుంచి మొదలు, 1.5 బార్ దాటించను. 5 హెర్ట్జ్, 500 నుంచి 1000 షాక్‌లు, వారానికొకసారి, ఐదారు వారాలు. హెడ్‌ని అదమను, దాని పిడి బరువే చాలు. ఫోకస్డ్ మిషన్ దొరికితే 0.05 నుంచి 0.1 మధ్య, 300 నుంచి 500 షాక్‌లు. ఇవి పేపర్లలోని తక్కువ శక్తి వైపు ఒరిగి నేను ఎంచుకున్న హద్దులే తప్ప ఎవరూ ముద్ర వేసిన ప్రోటోకాల్ కాదు.

అన్నిటికన్నా పెద్ద తేడా ఇక్కడుంది. మడమకి ఇచ్చేటప్పుడు "ఎక్కడ నొప్పి, ఎంత ఓర్చుకోగలవు" అని పేషెంటుని అడుగుతూ డోసు సర్దుతాం. మొద్దుబారిన చేతికి ఆ అడుగుడు పనికిరాదు. 4 బార్ పెట్టినా "బాగుంది సార్" అంటాడు. అందుకే డోసు ముందే గీత గీసినట్టు ఖాయం చేసి, ప్రతి 200 షాక్‌లకి ఆపి జెల్ తుడిచి చర్మం చూడాలి. ఎర్ర చుక్కలు, కమిలిన నీలం కనిపిస్తే ఆ రోజుకి ఆపేయాలి. ఇచ్చిన రాత్రి చురుకుపోటు, కరెంటు తగిలినట్టు జివ్వుమనడం ఒక రోజు ఉండొచ్చు. రెండు రోజులు దాటి కొనసాగితే, లేదా అంతకుముందు కదిలిన వేలు నీరసిస్తే, తర్వాతి సిట్టింగు లేదు. నేరుగా సర్జన్ దగ్గరికి.

స్ప్లింటు సంగతి ఎవరూ ఎత్తలేదు! వేళ్లు వంకర తిరగడం మొదలైందన్నారు. నకుల్ బెండర్ స్ప్లింటు ఈ రోజే వేయండి. పిడికిలి కణుపుల్ని కొద్దిగా వంచి ఉంచితే వేళ్ల మధ్య కీళ్లు చాపుకుంటాయి. నాలుగు నెలల తర్వాత నరం వచ్చినా, ఆపాటికి కీలు బిగుసుకుపోయి ఉంటే నరం ఏం చేస్తుంది? రేడియల్ నరానికి (మణికట్టు, వేళ్లు ఎత్తించేది) కాక్-అప్ (మణికట్టుని పైకెత్తి ఉంచే స్ప్లింటు), పాదం వేలాడిపోతే ఏఎఫ్ఓ (పాదాన్ని ఎత్తి పట్టే స్ప్లింటు). షాక్‌వేవ్ వారానికి పది నిమిషాలు, స్ప్లింటు రోజంతా.

సిరొంచ_పీఎండబ్ల్యూ:
గడ్చిరోలి వైపు నుంచి ఒక మాట చెప్తా, ఒడిశా అన్నలకూ పనికొస్తది. మనవన్నీ కుష్ఠు ఎక్కువున్న జిల్లాలే. దెబ్బ తగలకుండానే చిటికెన వేలు మొద్దుబారి, మోచేయి లోపలి పక్క అల్నార్ నరం తాడు లెక్క దొడ్డుగా తగిలితే అది షాక్‌వేవ్ కేసు కాదు. చర్మం మీద స్పర్శ లేని మచ్చలు వెతకండి, మోకాలి పక్కన కామన్ పెరోనియల్, కాలి మడమ దగ్గర పోస్టీరియర్ టిబియల్ కూడా తడిమి చూడండి. నరం ముట్టుకుంటే నొప్పి ఉంటే, కొత్తగా బలం తగ్గుతుంటే, అది న్యూరైటిస్ (నరం వాపు). ఆరు నెలల లోపు పోయిన బలానికి ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) అవసరం. మామూలుగ 40 మి.గ్రా. దగ్గర మొదలై వారాల తరబడి మెల్లగ తగ్గిస్తరు. డాక్టరు షుగర్, బీపీ, టీబీ చూసే మొదలుపెడ్తడు. ఆ వాచిన నరాన్ని మీ గుండు మిషన్‌తో కొట్టిన్రంటే ఉన్నది కూడా పోతది.

కుష్ఠుకిచ్చే ఎండీటీ మందు సర్కారు దవాఖానల్ల ఉచితం. అనుమానం వస్తే సిట్టింగ్ రాయకుండ పీహెచ్‌సీకి పంపున్రి.

పరీక్షకి మా దగ్గర బాల్‌పెన్ వాడ్తం. చర్మం మీద మెల్లగ ఆనించి, కండ్లు మూసుకుని వేలు పెట్టి చూపించమంటం. ఫిలమెంట్లు (స్పర్శ చూసే నైలాన్ పోగులు) ఉంటే చేతికి 2 గ్రాములది, అరికాలికి 10 గ్రాములది. ఫిలమెంట్ వంగే దాక నొక్కాలె, గుచ్చొద్దు.

పర్లాకిమిడి_ఆర్థో:
సిరొంచ తమ్ముడు చెప్పింది నెత్తిన పెట్టుకోవాల్సిన మాట. గజపతి, రాయగడల్లో "కారణం తెలియని అల్నార్" అని రాసే ముందు ఆ తడమడం తప్పనిసరి.

ఇంటర్న్_బీపీటీ:
ఇంకో రెండు కేసులు సార్. పిర్ర మీద సూది వేయించుకున్నాక పాదం వేలాడిపోయినవాళ్లు, బైకు మీంచి పడి భుజం నుంచి చేయంతా చచ్చుబడినవాళ్లు. వీళ్లకి?

పర్లాకిమిడి_ఆర్థో:
సూది కేసు ముందు. సూది సయాటిక్ నరంలోకో, దాన్ని ఆనుకునో పడింది. మందు వల్ల లోపల మంట, ఆపైన మచ్చ. సన్నగా ఉన్నవాళ్లకి, పిల్లలకి, పిర్ర పైబయటి భాగం వదిలి మధ్యలో పొడిచినప్పుడు ఇది వస్తుంది. సూది పడుతూనే కాల్లోకి కరెంటు కొట్టినట్టు జివ్వుమందా అని అడగండి. ఆ చోట సయాటిక్ కండరాల కింద లోతుగా ఉంటుంది. గాలి మిషన్ అక్కడిదాకా పోనే పోదు. మీరు కొట్టేది పిర్ర కండరాన్నే. దూరం కూడా లెక్కేయండి: పిర్ర నుంచి పాదం ఎత్తే కండరం దాకా అర మీటరు దగ్గర. రోజుకి ఒక మి.మీ. చొప్పున 500 రోజులు. ఎండ్‌ప్లేట్ల గడువు అంతే. అందుకే ఆ పేషెంటుకి ఏఎఫ్ఓ, మడమ వెనక టెండన్ బిగుసుకోకుండా స్ట్రెచింగ్, మూడో నెలలో ఈఎంజీ, కదలిక లేకపోతే పెద్ద సెంటరు.

భుజం కేసు బ్రేకియల్ ప్లెక్సస్ (మెడ నుంచి చేతిలోకి దిగే నరాల గుంపు). కాలర్ ఎముక పైన మిషన్ పెట్టకండి, అంతే. ఆ కిందే ఊపిరితిత్తి కొన ఉంటుంది. ఊపిరితిత్తి నిండా గాలి, షాక్ వెళ్లి గాలి అంచున కొడితే పొరలు చీలుతాయి. ఎక్కువ శక్తి ఫోకస్డ్ మిషన్‌కి ఊపిరితిత్తి దారిలో ఉండకూడదన్నది అంతర్జాతీయ షాక్‌వేవ్ సంఘం నిషేధాల్లోనే ఉంది. వెన్నుపాము, మెదడు దారిలోనూ అంతే. వీళ్లని నెలల తరబడి వ్యాయామం మీద ఉంచకుండా భువనేశ్వర్ ఎయిమ్స్‌కో విశాఖకో త్వరగా పంపండి. నర్వ్ ట్రాన్స్‌ఫర్లు (పనిచేసే నరం కొమ్మని చచ్చుబడిన నరానికి కలపడం) ఆరు నెలల లోపు బాగా పడతాయి. ఆ తర్వాత పునరావాసానికి కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లో జాతీయ సంస్థ ఉంది, అక్కడ ఆర్థోసిస్ కూడా చేస్తారు.

హ్యూమరస్ (పై చేయి) ఎముక విరిగి ప్లేటు వేసిన రేడియల్ నరం గురించి కూడా అడుగుతారు, ముందే చెబుతున్నా. లోహం ఉందని పూర్తిగా నిషేధం కాదు, కానీ ప్లేటు నుంచి అల తిరిగొచ్చి నరం మీదే రెండోసారి పడుతుంది. ఎముక అతికిందని ఎక్స్‌రేలో తేలేదాకా, నరం ప్లేటు మీదుగా పోతోందని ఆపరేషన్ నోట్‌లో ఉంటే ఆ తర్వాత కూడా, నేనైతే ఒప్పుకోను.

గంజాం_పీటీ:
సరే. పని చేస్తోందో లేదో నెలకోసారి ఏం కొలవాలి? కరెంటు స్టిమ్యులేషన్ కూడా తోడుగా పెట్టాలా?

జయపురం_ఈఎంజీ:
టినెల్ తోనే సగం పని అవుతుంది. కింది నుంచి పైకి వేలితో తట్టుకుంటూ రండి, వేళ్లలోకి జివ్వుమన్న మొదటి చోట పెన్నుతో చుక్క. పిసిఫాం నుంచి ఎన్ని మి.మీ.నో రాయండి. కాలికైతే ఫిబులా తల (మోకాలి బయటి పక్క బుడిపె) నుంచి. నెల తిరిగేసరికి చుక్క 25, 30 మి.మీ. కిందికి జరగాలి. కుట్టు దగ్గరే గట్టిగా జివ్వుమంటూ మూడు నెలలైనా అక్కడే కూర్చుంటే అది న్యూరోమా (నరం కొస గడ్డ కట్టడం) అనుకోవాలి. షాక్‌వేవ్ డోసు పెంచడం దానికి జవాబు కాదు. మణికట్టు కేసులో బొటనవేలి పక్క మొదటి ఇంటరాసియస్ కండరం దాకా ఎనిమిది, పది సెంటీమీటర్లు. కుట్టు దాటడానికి నెల పోను, నాలుగో నెల ప్రాంతంలో మొదటి మెదులుడు ఎదురుచూడాలి.

కండర బలం 0 నుంచి 5 మెట్లలో, దొంగ కదలికలు పట్టుకుంటూ. రేడియల్ కేసులో వేళ్ల చివరి కీళ్లు చాపగలిగాడని సంబరపడకండి, ఆ పని అల్నార్ కండరాలు చేస్తాయి. పిడికిలి కణుపు దగ్గర చాపగలడా అన్నదే చూడాలి. అల్నార్‌కి కాగితం బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పెట్టి లాగండి, బొటనవేలి చివర వంగితే ఫ్రోమెంట్ గుర్తు (అల్నార్ బలహీనత) ఉన్నట్టే. చేతిని ప్రతి నెలా అదే కోణంలో ఫొటో తీయండి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య గుంట లోతు మాటల్లో రాస్తే ఎవరికీ అర్థం కాదు.

కరెంటు గురించి. నరం తెగిన కండరం ఫారడిక్ కరెంటుకి పలకదు, ఆ పల్స్ మరీ చిన్నది. 100 మిల్లీసెకన్లు దాటిన ఇంటరప్టెడ్ గాల్వానిక్ (ఆపి ఆపి ఇచ్చే డీసీ కరెంటు) కావాలి. అది కండరాన్ని కొంత కాపాడుతుందే తప్ప నరాన్ని పెంచదు. మొద్దు చర్మం మీద ప్యాడ్ తడి ఆరితే కాలుతుంది, జాగ్రత్త. నరం పెరగడానికి మనుషుల్లో కాస్త గట్టి ఆధారం ఉన్నది వేరే రకం: ఆపరేషన్ అయిన వెంటనే, కుట్టుకి పై భాగాన 20 హెర్ట్జ్‌తో ఒక గంట. కెనడాలో కార్పల్ టనెల్ రిలీజ్ తర్వాత అలా చేసి 2010లో ఫలితం చూపించారు. ఆర్థో గారూ, మీ థియేటర్లో ఇది వీలవుతుందా?

పర్లాకిమిడి_ఆర్థో:
స్టెరైల్ వైర్లు, స్టిమ్యులేటర్ ఉంటే అవుతుంది. కానీ థియేటర్ ఒక గంట అదనంగా ఎవరిస్తారు? గాయం మూసి, వైర్లు చర్మం బయటికి తీసి రికవరీ గదిలో నడిపించే పద్ధతే మనకి కుదిరేది. సూరత్‌లో కుట్టించుకుని వచ్చినవాళ్లకి ఆ రైలు వెళ్లిపోయినట్టే.

రాయగడ_బయోమెడ్:
గంజాం గారూ, ఒకటి మర్చిపోకముందే. మీ మిషన్‌కి స్టెబిలైజర్ ఉందా? కంప్రెసర్ లేచే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. సాయంత్రం వోల్టేజి పడిపోయిన వేళ మోటారు మూలుగుతుంది, ట్యాంకు నిండదు, మీ కనిష్ఠ డోసు ఇంకా కిందకి పోతుంది. ఇంట్లో వాడే ఇన్వర్టరు మీద పెట్టకండి. ఫ్రిజ్, ఏసీ లేని వేరే లైను లాగించి, కంప్రెసర్ రేటింగు చూసి దానికి తగ్గ సర్వో స్టెబిలైజర్ పెట్టించండి. పేషెంటు మీద పెట్టే ముందు గాల్లో కాకుండా రబ్బరు ముక్క మీద ఇరవై ముప్పై షాక్‌లు కొట్టి చప్పుడు ఒకే తీరున వస్తోందా వినండి. తప్పుతూ వస్తే ఆ రోజు నరం కేసు తీసుకోకండి, మడమల వాళ్లని కూడా రేపు రమ్మనండి.

గంజాం_పీటీ:
స్టెబిలైజర్ లేదు. పైగా ఏసీ అదే లైను మీద ఉంది. ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తున్నా. మణికట్టు కేసులకి ముందు అల్ట్రాసౌండ్, నకుల్ బెండర్. సర్జన్ సంతకం వచ్చాకే మిషన్ తీస్తాను.

గుణుపురం_హ్యాండ్:
నకుల్ బెండర్ రబ్బరు బ్యాండ్లు మన ఎండకి త్వరగా సాగిపోతాయి మాస్టారూ. రెండు జతలు అదనంగా ఇచ్చి పంపండి. చర్మం మీద ఒత్తుకున్న గుర్తు ఇరవై నిమిషాల్లో పోకపోతే స్ప్లింటు సర్దించుకోవడానికి రమ్మని గట్టిగా చెప్పండి. మొద్దు చేతికి నొప్పి తెలియదు, పుండు పడ్డాకే చూసుకుంటారు.